సాగదీసిన తెర

పాక్ హాజీ గదిలో ఉన్న కంప్యూటర్ తెర చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఊరికే అనడం లేదు. టీ గ్లాసు పట్టుకుని ఆ గదిలో అడుగుపెట్టి, ఆ తెర మీద కన్ను పడగానే చేతిలో గ్లాసు దానికేసి విసిరికొట్టాలనిపించేది. ఉద్యోగం పోతుందని ఊరుకునేదాన్ని.

నా పేరు తియుర్మా. సముద్రం అవతల మెదాన్‌లో పుట్టిన బతక్ తెగ పిల్లని. పెళ్ళి చేసుకుని ఈ పెకలోంగన్ వచ్చి జావా వాళ్ళ మధ్య సగం జీవితం గడిపేశాను. హాజీ సోబిరిన్ గారిని అందరూ పాక్ అంటారు, అంటే అయ్యగారని. ఆయన కార్ఖానాలో మైనం అద్ది రంగులేసే బాతిక్ గుడ్డలకి నమూనాలు గీయడం నా పని. నేను కంప్యూటర్‌లో గీస్తాను, దాన్ని కాగితం మీద ప్రింటు తీస్తాను, ఆ కాగితం చూసి కస్మురి తాత రాగి రేకు వంచి అచ్చు కడతాడు, ఆ అచ్చుని కాగే మైనంలో ముంచి దర్సోనో గుడ్డ మీద అద్దుతాడు. నా గొంతు వెనక రంగుల తొట్ల దాకా వినపడుతుందని అందరూ నవ్వుతారు. వినపడనీ. ఇక్కడ ఎవరో ఒకరి గొంతు వినపడాలి కదా.

తెర మంచిదే. వెడల్పాటిది, కొత్తది. దాని సొంత కొలత అడ్డంగా పద్నాలుగు వందల నలభై చుక్కలు, నిలువుగా తొమ్మిది వందలు. ఆ రిజల్యూషన్‌లో పెడితే సున్నా సున్నాలా కనిపిస్తుంది, చదరం చదరంలా కనిపిస్తుంది. కాకపోతే అక్షరాలు చిన్నగా ఉంటాయి. పాక్ హాజీకి చిన్న అక్షరాలు కనిపించవు. ఆ మాట చచ్చినా ఒప్పుకోడు.

అందుకని రోజూ పొద్దున్నే సెట్టింగుల్లోకి వెళ్ళి, పాత డబ్బా తెరల కాలం నాటి రిజల్యూషన్, వెయ్యి ఇరవై నాలుగు అడ్డం ఏడు వందల అరవై ఎనిమిది నిలువు, ఎంచుకునేవాడు. అక్షరాలు లావయ్యేవి. వాటితోపాటు తెర మీదున్న సమస్తం అడ్డంగా సాగేది. ఆయన తెర మీద పెట్టుకున్న మక్కా యాత్ర ఫొటోలో నలుగురు బక్కపలచని మనుషులు నాలుగు బియ్యం బస్తాల్లా నిలబడి ఉండేవాళ్ళు. “యాత్ర చేసొచ్చాక ఒళ్ళు చేశాను సుమా” అని వచ్చినవాళ్ళకల్లా చూపించుకుని మురిసిపోయేవాడు. చూసినవాళ్ళు “ఇంగ్గి, పాక్” అనేవాళ్ళు.

ఈ ఇంగ్గితోనే నాకు పేచీ. ఇక్కడ పెద్దవాళ్ళు ఏమన్నా ఇంగ్గి అనాలి. అది ఔననడం కాదు, చిత్తం అనడం. వర్షంలో నిలబడి “ఎండగా ఉంది” అని పాక్ హాజీ అంటే కార్ఖానా మొత్తం తడుస్తూనే ఇంగ్గి అంటుంది.

కార్ఖానాలో అన్నీ లినక్స్ కంప్యూటర్లే. కనెక్షన్లు, సెట్టింగులు నేనే చూసుకుంటాను. నా నమూనాలు ఆయన కంప్యూటర్‌లో కూడా తెరుచుకుంటాయి. ఆయన కంప్యూటర్ తెరుచుకోగానే దానంతటదే సరైన రిజల్యూషన్‌కి వచ్చేలా ఒక చిన్న ఆదేశం రాసిపెట్టాను. అది పొద్దున్నే తెరని సరిచేసేది, పది నిమిషాల్లో ఆయన మళ్ళీ పాడుచేసేవాడు. కంప్యూటర్‌లో ఆయన శ్రద్ధగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

“పాక్, తెర కొలత మార్చకండి. బొమ్మలు సాగిపోతున్నాయి. అక్షరాలు మాత్రమే పెద్దవి చేసే దారి వేరే ఉంది. ఇలా కూర్చోండి, నేను చేసిపెడతా.”

“అక్షరాలు పెద్దవెందుకమ్మాయ్? నాకు బ్రహ్మాండంగా కనిపిస్తాయి. ఇది నాకు అలవాటు, అంతే.”

“మరి కళ్ళు ఒకసారి చూపించుకుంటే?”

“నా కళ్ళకేం? మైనం మరకని మైలు దూరం నుంచి పట్టేస్తా.”

పక్కనే ఉన్న దర్సోనో తలొంచుకుని ఇంగ్గి అన్నాడు. మైలు దూరం దాకా ఎందుకు, మొన్న ఆయన కుర్చీ మీదున్న పిల్లిని మెత్త అనుకుని దాని మీద కూర్చోబోయాడు. అప్పుడు కూడా ఎవడూ నవ్వలేదు. పిల్లే అరిచింది.

నేను పట్టుబట్టకపోవడానికి కారణం, ఆ తెర వల్ల పనికి నష్టం ఉండేది కాదు. నమూనా గీసేదీ నేనే, ప్రింటు తీసేదీ నేనే, నా కంప్యూటర్ నుంచే. ఆయన తన తెర మీద తన బియ్యం బస్తాల్ని చూసుకుని మురిసిపోతే నాకేం?

మా తమ్ముడి పెళ్ళికి మెదాన్ వెళ్ళాను. తిరిగొచ్చిన రోజు, అందరికీ బికా అంబోన్ కేకు పట్టుకుని కార్ఖానాలోకి అడుగుపెట్టాను. కస్మురి తాత వచ్చి ఉంటే ఆయన వాటా పక్కన పెడదామని చూశాను. తాత లేడు.

“తాత రాడక్కా ఇంక” అన్నాడు దర్సోనో.

“ఏం? ఒంట్లో బాలేదా?”

“కళ్ళు పోయాయట.”

నా చేతిలో డబ్బా బల్ల మీద పెట్టేశాను. కస్మురి తాత కళ్ళు పోవడమా? డెబ్బై దాటినా వెంట్రుకంత రాగి రేకుని పట్టకారుతో వంచి పువ్వు రేకలు కట్టే మనిషి. ఈ ఊళ్ళో సగం కార్ఖానాల అచ్చులు ఆయన చేతివే.

దర్సోనో కొత్త రాగి అచ్చు తెచ్చి నా ముందు పెట్టాడు. పెద్ద బడి ఒకటి టీచర్ల యూనిఫాం గుడ్డ కోసం ఆర్డరిచ్చిన నమూనా, కావుంగ్ అనే గుండ్రటి సున్నాల అల్లిక. దీన్ని వరసగా అద్దడం కుదరదు, ఒక్కో అద్దుకీ పావు చుట్టు తిప్పుతూ అద్దాలి. అప్పుడే సున్నాలు ఒకదాన్నొకటి ముట్టుకుంటాయి. అచ్చు నాలుగు వైపులా సమానంగా ఉంటేనే అది సాధ్యం. ఈ అచ్చు సమానంగా లేదు. నిలువు ఎక్కువ, అడ్డం తక్కువ. సున్నాలన్నీ కోడిగుడ్లు. తిప్పి అద్దిన చోటల్లా గీతలు తెగిపోయి, గుడ్డ ఎలక కొరికినట్టుంది.

“పాక్ అందరి ముందూ తాతని పిలిచాడక్కా. అరవలేదు. మెత్తగానే అన్నాడు. ‘తాతా, నేనిచ్చిన బొమ్మ గుండ్రంగా ఉంది, నా కళ్ళారా చూశాను. మీరు కోడిగుడ్లు చేసి తెచ్చారు. చూపు పోయింది. ఇక విశ్రాంతి తీసుకోండి’ అన్నాడు.”

“తాత ఏమన్నాడు?”

దర్సోనో నా వైపు వింతగా చూశాడు. “ఇంగ్గి అన్నాడు. ఇంకేమంటాడు?”

“అంతేనా?”

“శుక్రవారం నమాజయ్యాక మసీదు మెట్ల మీద పాక్ మిగతా కార్ఖానాల వాళ్ళక్కూడా చెప్పాడు. పాపం, కస్మురి చూపు పోయింది, పనివ్వకండి, ముసలాయన్ని కష్టపెట్టకండి అని. మంచి మనసుతోనే చెప్పాడు.”

మంచి మనసు! నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. ఒక మనిషి చేతిపనిని ఊరంతటి ముందూ పాతిపెట్టి, పైన మంచి మనసు చల్లడం. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు. జాలిపడితే ఏం చేస్తాడు తాత?

నేరుగా నా కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి ఆ నమూనా తెరిచాను. నేను గీసినప్పుడు పద్దెనిమిది సెంటీమీటర్ల చదరం. ఇప్పుడు నిలువు పద్దెనిమిది, అడ్డం పదిహేను. నా తెర మీద కోడిగుడ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రాగి అచ్చు పక్కన పెట్టి కొలిచాను. అదే కొలత. తాత తన ముందు పెట్టిన కాగితాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా రాగిలో దించాడు. కాగితం మాత్రం లేదు. దాన్ని చెక్క మీద అంటించి దాని మీదే రేకు వంచుతారు, అతుకు వేసేటప్పుడు అది మాడి బూడిదైపోతుంది.

ఏం జరిగిందో అర్థమయ్యాక నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. అచ్చు చంకన పెట్టుకుని పాక్ హాజీ గదిలోకి వెళ్ళాను. దర్సోనో నా వెనకాలే వచ్చాడు, నన్ను ఆపడానికి.

“వచ్చావా అమ్మాయ్! పెళ్ళి బాగా జరిగిందా?”

“పాక్, నేను లేనప్పుడు కావుంగ్ బొమ్మని ముట్టుకున్నదెవరు?”

“నేనే!” ఆయన ముఖం వెలిగిపోయింది. “నువ్వు గీసింది అణిగిపోయినట్టుంది. సున్నాలన్నీ అప్పచ్చుల్లా ఉన్నాయి. నీకు చెబితే నొచ్చుకుంటావని చెప్పలేదు. నేనే మౌసుతో కాస్త నొక్కి గుండ్రంగా సరిచేసి, కాగితం తీసి తాతకి ఇచ్చా. నాకూ వచ్చుగా కంప్యూటరు.”

“అణిగిపోయింది నా బొమ్మ కాదు. మీ తెర సాగిపోయింది. సాగిన తెర మీద గుండ్రంగా కనపడేదాకా బొమ్మని నొక్కారు. కాగితం మీద అది కోడిగుడ్డయింది.”

ఆయన కోప్పడలేదు. చిన్నపిల్లని చూసినట్టు చూసి నవ్వాడు. టీ గ్లాసు మీది ప్లాస్టిక్ మూత తీసి, తెర మీద ఆ బొమ్మ తెరిచి, అందులోని ఒక సున్నాని ఆ మూతంత సైజుకి పెంచి, మూత దాని మీద ఆనించాడు. చుట్టూ సరిగ్గా సరిపోయింది.

“ఇదిగో. మూత గుండ్రంగా ఉందా? ఉంది. బొమ్మ మూతకి సరిపోయిందా? సరిపోయింది. ఏం దర్సోనో?”

“ఇంగ్గి, పాక్.”

ఇంగ్గి! రోజంతా ఆ కోడిగుడ్లని గుడ్డకి అద్దిన మనిషి అన్న మాట అది. నా పళ్ళు నూరుకునే చప్పుడు నాకే వినపడింది.

“కీబోర్డు ఇలా ఇవ్వండి.”

“ఏం చేస్తున్నావ్?”

టెర్మినల్ తెరిచి ఎక్స్‌రాండర్ ఆదేశం కొట్టాను. తెరని దాని సొంత రిజల్యూషన్‌కి రమ్మన్నాను. ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వెలిగింది. బియ్యం బస్తాలు మనుషులయ్యాయి. అక్షరాలు చీమలయ్యాయి. బొమ్మ చిన్నదైంది, దాన్ని మళ్ళీ మూతంత ఎత్తు వచ్చేదాకా పెంచాను.

“ఇప్పుడు పెట్టండి మూత. మీ చేత్తోనే పెట్టండి.”

పెట్టాడు. పైనా కిందా అంచు తాకింది. రెండు పక్కలా మూత బయటికి పొడుచుకొచ్చింది.

“నువ్వేదో నొక్కి బొమ్మని నొక్కేశావ్” అన్నాడు. గొంతు ఇంకా మెత్తగానే ఉంది.

“బొమ్మని నేను ముట్టుకోలేదు. సరే, నా మాట నమ్మొద్దు, తెర మాటా నమ్మొద్దు. అదిగో, పైన బొమ్మ కొలత అంకెల్లో రాసుంది. తెర సాగినా అంకె సాగదు. చదవండి.”

పాక్ హాజీ ముందుకు వంగాడు. ఇంకాస్త వంగాడు. ముక్కు తెరకి తగిలేలా ఉంది. వెనక్కి జరిగి కళ్ళు చికిలించాడు.

“కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా” అన్నాడు.

ఆయనకి కళ్ళజోడు లేదు. ఆ సంగతి నాకు తెలుసు, దర్సోనోకి తెలుసు, పిల్లికి కూడా తెలుసు.

“దర్సోనో, నువ్వు చదువు” అన్నాను.

దర్సోనో చేతులు ముందుకి కట్టుకుని నేల చూశాడు. వాడు ఇంగ్గి అంటే ఆ అచ్చుతోనే వాడి నెత్తిన ఒకటి వేద్దామని నిశ్చయించుకున్నాను. వాడు తెర వైపు తలెత్తాడు. “నిలువు పద్దెనిమిది, పాక్. అడ్డం... అడ్డం పదిహేను.”

పాక్ హాజీ చేతిలోంచి మూత జారి బల్ల మీద గిరగిరా తిరిగింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూడండి. బీరువా తెరిచి టీ పొడి పొట్లం, పంచదార పొట్లం, ఒక కొత్త లుంగీ తీసి నా ముందు పెట్టాడు. “ఇవి తాతకిచ్చి, చిన్న పొరపాటు జరిగింది, ఇంకో అచ్చు చెయ్యమని చెప్పమ్మాయ్.”

“పొరపాటు జరగలేదు పాక్. మీరు చేశారు.”

“అదే, అదే. వెళ్ళి చెప్పు.”

వెళ్ళాను. పొట్లాలు బల్ల మీదే వదిలేసి, అచ్చు మాత్రం పట్టుకుని వెళ్ళాను. కస్మురి తాత ఇల్లు కాలవ అవతల సందులో ఉంటుంది. ఆ సందు మొదట్లోకి వచ్చేసరికే ఆయన సుత్తి చప్పుడు టిక్కుటిక్కుమని వినపడేది. ఆ రోజు వినపడలేదు. తాత వాకిట్లో చాప మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. బొగ్గుల కుంపటి చల్లగా ఉంది. పట్టకార్లు నూనె గుడ్డలో చుట్టి, తాడు కట్టి గోడకి వేలాడదీసి ఉన్నాయి, ఇంక విప్పే పని లేదన్నట్టు.

జరిగిందంతా చెప్పాను. తెర, సాగడం, మూత, అంకెలు, అన్నీ. తాత నవ్వుముఖంతో విన్నాడు.

“ఇంగ్గి, తల్లీ” అన్నాడు.

ఆ ఇంగ్గి నాకు తెలుసు. నమ్మలేదు. నేను ఓదార్చడానికి వచ్చాననుకున్నాడు, నా మర్యాద నాకు తిరిగిచ్చాడు.

“తాతా, నిజం చెబుతున్నా. కాగితమే సన్నగా ఉంది. నీకు గుర్తులేదా?”

“సన్నగా ఉన్నట్టే గుర్తు తల్లీ. కానీ పాక్ గుండ్రంగా ఉందన్నారు. కళ్ళారా చూశానన్నారు.” చాప అంచు సర్దాడు. “మా అమ్మాయి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు చూసి కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు. అంటే పోయింది కళ్ళు కాదన్నమాట. తల. కాగితం గుండ్రంగా ఉంటే సన్నగా ఉందని నా తల చెబుతోంది. మా నాన్నకీ చివర్లో ఇలాగే అయింది. మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు.”

చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసుకుంటున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

నాకు ఏడుపు రాలేదు. ఏడవలేనంత కోపం వచ్చింది. చూపులేని మనిషి తన పరువు కాపాడుకోవడానికి, చూపున్న మనిషి బుర్రలో పురుగు దూర్చాడు. తాత తన కళ్ళనీ, చేతినీ, చివరికి తన జ్ఞాపకాన్నీ అనుమానించాడు కానీ పాక్ హాజీ మాటని మాత్రం అనుమానించలేదు. నేను ఎంత అరిచినా ఈయన నమ్మడు. మసీదు మెట్ల మీద పడ్డ మాటని లేపడం నా గొంతు వల్ల కాదు.

మళ్ళీ కార్ఖానాకి వచ్చాను. పాక్ హాజీ తెర ముందు కూర్చుని సెట్టింగుల కోసం వెతుక్కుంటున్నాడు. అక్షరాలు చీమల్లా ఉంటే సెట్టింగులెక్కడ దొరుకుతాయి?

“వచ్చావా! అమ్మాయ్, దీన్ని పాత కొలతకి మార్చు. ఏమీ కనిప... ఏమీ అలవాటుగా లేదు.”

“మార్చను.”

“ఏంటీ?”

“మార్చను పాక్. ఈ తెర ఇంక సాగదు. అక్షరాలు మాత్రం అరచేయంత చేసిపెడతా, బొమ్మ చెక్కుచెదరకుండా. ఆ దారి నాకు తెలుసు, ఎన్నిసార్లు చెప్పానో మీకూ తెలుసు. ముందు మీరు తాత ఇంటికి రావాలి.”

“రేపు చూద్దాం. పొట్లాలు పంపితే...”

“తాతకి టీ పొడి లేక కాదు!” నా గొంతు రంగుల తొట్ల దాకా వెళ్ళిందని తెలుసు, ఎందుకంటే అక్కడ నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. “పిచ్చెక్కుతోందనుకుంటున్నాడు పాక్ ఆయన! మీరు ఇంగ్గి అనమంటే తన బుర్ర మీద తనే ఇంగ్గి అనేసుకున్నాడు. మీకు ఒక జత అద్దాలు పెట్టుకోడానికి నామోషీ. ఆయన పట్టకార్లు గోడకెక్కాయి. పని పోతే పోనివ్వండి నాకు, మెదాన్‌లో మా అన్నకి కాఫీ కొట్టు ఉంది, అక్కడ కూర్చుంటా. కానీ మీరు కదిలేదాకా నేనిక్కణ్ణుంచి కదలను.”

కిటికీ బయట మొత్తం కార్ఖానా నిలబడి ఉంది. నన్ను ఆపమని ఆయన వాళ్ళకేసి చూశాడు. అందరూ నేల చూశారు, దర్సోనో మాత్రం ఆయన టోపీ, మోటార్ సైకిల్ తాళం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెట్టి, “ఇంగ్గి, పాక్” అన్నాడు, ఆయన ఏమీ అనకముందే.

పాక్ హాజీ నా స్కూటర్ వెనకాలే తన బండి మీద వచ్చాడు. కాలవ గట్టున రెండు గుంతల్లో దిగబడ్డాడు, రెండూ పట్టపగలు కనపడేవే.

తాత కంగారుగా లేచి చాప దులిపాడు. ఇద్దరూ కూర్చున్నారు. వానల గురించి మాట్లాడుకున్నారు. రొయ్యల రేటు మాట్లాడుకున్నారు. తాత కూతురు తెచ్చిన టీ తాగారు. నేను గుమ్మంలో నిలబడి గోళ్ళు అరచేతుల్లో గుచ్చుకుంటున్నాను. చివరికి పాక్ హాజీ గ్లాసు కింద పెట్టి, దాని మీద మూత పెట్టి, మూత మీంచి చెయ్యి తీయకుండా అన్నాడు.

“తాతా, చూపు పోయింది నాకు. మీకు కాదు. కాగితం సన్నగానే ఉంది. సన్నగా చేసింది నేనే.”

తాత నేను తెచ్చిన అచ్చుని ఒళ్ళోకి తీసుకున్నాడు. బొటనవేలితో అంచు వెంట మెల్లగా తడిమాడు, నాలుగు వైపులా. ఒకసారి నిలువు, ఒకసారి అడ్డం, మళ్ళీ నిలువు. ఆయన భుజాలు కిందికి దిగడం నేను చూశాను. పెదాలు కదిలాయి. ఆ మాటే వస్తుందని నాకు తెలుసు. ఇంగ్గి అంటాడు, క్షమించేస్తాడు, ఇద్దరూ ఇంకో టీ తాగుతారు, ఊళ్ళో మాట ఊళ్ళోనే ఉండిపోతుంది. నేను నోరు తెరవబోయాను.

“ఆ మాట మసీదు మెట్ల మీద అన్నారు పాక్” అన్నాడు కస్మురి తాత. తల ఎత్తే ఉంది. “ఈ మాట కూడా అక్కడే అనండి. శుక్రవారం. అందరూ ఉండగా.”

పాక్ హాజీ సోబిరిన్, పుట్టి బుద్ధెరిగాక తనకంటే పెద్ద హాజీలకి తప్ప ఎవరికీ ఆ మాట అని ఎరగని మనిషి, తల వంచాడు.

“ఇంగ్గి, తాతా” అన్నాడు.

తాత లేచి గోడ దగ్గరికి వెళ్ళి పట్టకార్లకి కట్టిన తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు.